తనంతట తాను

ఉషారాణి ఇంగ్లీషు పాఠాలకు వెళ్ళడం మొదలుపెట్టింది రాఘవయ్యగారి మాట మీదే. తరవాత ఈ సంగతి చెబితే చాలామంది నమ్మలేదు. కాని జరిగింది అదే.

ఆమె బిలాస్‌పూర్ రైల్వేలో పట్టాల గ్యాంగులో పనిచేస్తుంది. తాతల నాడు పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం వాళ్ళది. భర్త లోకో షెడ్‌లో ఉద్యోగం చేస్తూ కామెర్లతో పోయాడు. అతని బదులు ఆమెకు ఉద్యోగం రావడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ ఆఫీసుల చుట్టూ తిరిగి ఆమె ఒక అలవాటు నేర్చుకుంది. సంతకం పెట్టిన ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకుంటుంది, చదవడం వచ్చినా రాకపోయినా. చదువు హిందీ మీడియంలో పది వరకు. తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరాలు కూడబలుక్కోవాలి. ఇంగ్లీషు అయితే స్టేషన్ బోర్డుల వరకే.

రాఘవయ్య ఆ సెక్షన్ ఇంజనీరు. తెనాలి మనిషి. గ్యాంగులన్నీ ఆయన కిందే ఉంటాయి. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. గొంతు పెంచగా ఎవరూ వినలేదు.

"చూడు ఉషా, ఎన్నాళ్ళమ్మా ఈ ఎండలో గునపం పట్టుకుని?" అన్నాడాయన ఒకరోజు, ఆఫీసులో కుర్చీ చూపించి మరీ. "క్లర్కు పరీక్ష పడుతోంది. గ్యాంగువాళ్ళూ రాయొచ్చు. నీకు అడ్డమల్లా ఇంగ్లీషే. తార్‌బాహర్ కాలనీలో చంద్రమౌళి మాస్టారని ఉన్నాడు, మీ వైపు మనిషే. సాయంత్రాలు వెళ్ళు. డ్యూటీ నేను సర్దుతాను."

ఆయన ఎదురుగా ఆమె అంతవరకు ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చున్నా వీపు ఆనించలేకపోయింది. అప్పటికి అప్పలస్వామి పోయి పదహారు రోజులు.

అప్పలస్వామి గ్యాంగులో అందరికన్నా పెద్దవాడు. ఉషారాణి కొత్తగా వచ్చిన రోజుల్లో కంకర మీద నడక నేర్పింది ఆయనే. "గుంటా, మడమ ముందర ఎయ్యి. మునివేళ్ళ మీద నడిత్తే సాయంత్రానికి కాళ్ళు నీవి కావు" అనేవాడు. అన్నం డబ్బాలో ఏం తెచ్చినా సగం ఆమె డబ్బా మూతలో పెట్టేవాడు.

ఆ రోజు లాల్‌ఖదాన్ దగ్గర మలుపులో పని. మధ్య లైనులో కంకర కుదిస్తున్నారు. పక్క లైన్ల మీద బండ్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి మలుపు మొదట్లో ఒకరు ఎర్రజెండా, ఈల పట్టుకుని కాపలా ఉండాలి. బండి కనబడగానే ఈల వేస్తే పనివాళ్ళంతా పక్కకు తప్పుకుంటారు. ఆ రోజు ఆ కాపలా ఉషారాణిది.

పదకొండు గంటలప్పుడు రాఘవయ్య, ఆయన వెనక గ్యాంగు మేస్త్రి అమ్మన్న, ఆమె దగ్గరికి నడుచుకుంటూ వచ్చారు. జాకీ పిడి ఒకటి టూల్‌రూమ్‌లో ఉండిపోయిందట.

"నువ్వెళ్ళి పట్టుకురా. పది నిమిషాల పని" అన్నాడు రాఘవయ్య.

"మరి ఇక్కడండీ?"

"నేనున్నానుగా. అయినా ఇంకో అరగంట దాకా బండి లేదు, కనుక్కున్నాను."

ఆమె అమ్మన్న వైపు చూసింది. అతను కంకర వైపు చూస్తున్నాడు. జెండా అతని చేతికిచ్చి ఆమె వెళ్ళింది.

పిడి భుజాన వేసుకుని తిరిగివస్తూ ఉంటే బొగ్గు బండి ఆమెను దాటి పోయింది. కాసేపటికి మలుపు అవతల హారన్ మోగడం మొదలైంది. అది ఆగలేదు. ఆమె పిడి పారేసి పరుగెత్తింది. కంకర కుదించే యంత్రాల మోతలో, పక్క లైను అంచున ఉన్న అప్పలస్వామికి ఏమీ వినబడలేదు. రాఘవయ్య అప్పటికే పనివాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. అమ్మన్న కూడా అక్కడే ఉన్నాడు, చుట్టిన జెండా చంకలో పెట్టుకుని.

ఆ సాయంత్రం ఆఫీసులో రాఘవయ్య స్వయంగా ఆమె వాంగ్మూలం టైపు చేశాడు. మంచినీళ్ళు తాగించాడు. "బండి వచ్చేసరికి నువ్వు జెండా దగ్గర లేవు. అవునా కాదా?" అని అడిగాడు.

"లేనండి."

"అంతే. అదే రాశాను. నీకేం భయం లేదు, సంతకం పెట్టు."

ఆమె సంతకం పెట్టి, అలవాటు ప్రకారం ఫొటో తీసుకుంది.

చంద్రమౌళి మాస్టారు రైల్వే స్కూల్లో ముప్పై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. బ్లాక్‌బోర్డు లేదు. ఇనప బీరువా తలుపు మీద స్కెచ్ పెన్నుతో రాసి తడిగుడ్డతో తుడిచేవారు. పిల్లలంతా ఆరింటికి వెళ్ళిపోయాక ఉషారాణికి పాఠం.

"క్రియ మూడు వేషాలేస్తాదమ్మా" అన్నారు మొదటిరోజు. "గో, వెంట్, గాన్. కొన్ని రెండు, మూడు ఒక్కలాగే ఉంటాయి. లీవ్, లెఫ్ట్, లెఫ్ట్."

"లెఫ్ట్ అంటే ఎడం పక్క కదండీ?"

"అదీ అవుతాది. క్రియ అయితే, వదిలి వెళ్ళిపోయారు అని."

ఉషారాణి పెన్ను ఆగింది. వాంగ్మూలంలో తాను చదవగలిగిన రెండు మూడు మాటల్లో అదొకటి. లైను ఎడమ పక్కన జరిగిందని రాశారు కాబోలు అనుకుని ఇన్నాళ్ళూ ఊరుకుంది. ఇంటికి వెళ్ళాక ఫొటో పెద్దది చేసి చూసింది. లెఫ్ట్ ముందు ఐ ఉంది. ఐ అంటే నేను. ఆ మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఐకీ లెఫ్ట్‌కీ మధ్య ఇంకో రెండు మాటలున్నాయి. ఒకటి హ్యాడ్. రెండోది పొడుగ్గా ఉంది, నోరు తిరగలేదు.

హ్యాడ్ సంగతి తరవాతి వారం పాఠంలో తెలిసింది. "రెండు పనులు జరిగాయనుకో. ఏది ముందు జరిగిందో దానికి హ్యాడ్ తగిలిస్తాం" అన్నారు మాస్టారు. "బండి వచ్చింది. అంతకన్నా ముందే ఆయన వెళ్ళిపోయాడు. హ్యాడ్ లెఫ్ట్. ఇక ఆ వరస మార్చడానికి వీల్లేదు."

ఆ ఉదాహరణకు బండినే ఎందుకు తెచ్చారో ఆయనకే తెలియదు. రైల్వే స్కూల్లో అన్ని ఉదాహరణలూ బండ్లే. ఉషారాణి మాత్రం ఆ వాక్యాన్ని రెండుసార్లు రాసుకుంది.

ఆ వారంలోనే లైను మీద రాఘవయ్య ఆమె పక్కన ఆగాడు.

"పాఠాలు ఎంతవరకు వచ్చాయమ్మా?"

"క్రియలు అవుతున్నాయండి. వచ్చే వారం అడ్వర్బులట."

"క్రియా విశేషణాలా?" ఆయన నవ్వాడు. "అవి రెండు మార్కులకే వస్తాయి. వాటి జోలికి పోకు. టెన్సులు చూసుకో చాలు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఎంక్వైరీ వచ్చే గురువారం. ఇది నీ వాంగ్మూలమేనా అని అడుగుతారు. ఎస్ సార్ అను. అంతకు మించి ఒక్క ముక్క వద్దు. నువ్వు చిక్కుల్లో పడితే పరీక్షకు నీ పేరు పంపలేను. అర్థమైందిగా?"

గొంతులో ఎప్పటి మెత్తదనమే ఉంది. ఆయన వెళ్ళిపోయాక చాలాసేపటి వరకు ఆమె గునపం ఎత్తలేదు. నాలుగు గజాల అవతల అమ్మన్న అంతా విన్నాడు. విననట్టు బీడీ వెలిగించుకున్నాడు.

అడ్వర్బుల పాఠం సోమవారం జరిగింది. హిందీలో క్రియా విశేషణ్ అని బళ్ళో చదివిందే. అప్పుడు వల్లించి మరిచిపోయిన మాట.

"పని ఎలా జరిగిందో అది చెబుతాది" అన్నారు మాస్టారు. "నడిచాడు. ఎలా? మెల్లగా. స్లోలీ. చాలావాటికి తోకలో లీ ఉంటాది. క్రియ పని చెబుతాది, ఇది ఆ పని చేసినవాడి గుణం చెబుతాది. కోర్టులో మనిషిని ముంచేది క్రియ కాదమ్మా, ఇదే. కొట్టాడు అంటే ఒకటి, కావాలని కొట్టాడు అంటే ఇంకొకటి. నీకెక్కడైనా లీ మాటలు కనబడితే రాసుకుని రా."

ఆమె అప్పటికప్పుడే రాసి చూపించింది. ఒక్కో అక్షరం ఫోన్‌లో చూసుకుంటూ, విడివిడిగా. రెండు మాటలు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "రిపీటెడ్లీ. అంటే మళ్ళీ మళ్ళీ, బార్ బార్. ఇది వాలంటరిలీ. అంటే ఎవరూ చెప్పకుండా, తనంతట తాను. ఎక్కడివివి? పేపర్లోవా?"

ఉషారాణి ఫోన్ ఆయన చేతికిచ్చింది.

ఆయన చదివారు. మొదటిసారి పెదాలు కదిలాయి. రెండోసారి కదల్లేదు. లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గరకు వేసి వచ్చారు.

"ఇది నువ్వు చెప్పినావా?"

"అక్కడ లేనని చెప్పాను మాస్టారూ. అంతే చెప్పాను."

"ఇందులో ఏటుందంటే..." ఆయన తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. "స్థలం వదిలి వెళ్ళొద్దని నన్ను మళ్ళీ మళ్ళీ హెచ్చరించడం జరిగింది. ఎవరు హెచ్చరించారో లేదు, క్రియని అలా తిప్పేశాడు. తరవాత, బండి రాకముందే నేను నా అంతట నేను ఆ స్థలం వదిలి వెళ్ళిపోయాను. కింద నీ సంతకం."

"పంపితే వెళ్ళాను మాస్టారూ. పంపినాయనే ఇది రాశాడు."

బయట ఎవరిదో మోటార్ సైకిలు ఆగింది. ఇద్దరూ తలుపు వైపు చూశారు. అది మళ్ళీ కదిలి వెళ్ళిపోయింది.

"నాను వ్యాకరణం చెప్పగలను" అన్నారాయన చివరికి. "సాక్ష్యం చెప్పలేను. నానక్కడ లేను కదా." స్కెచ్ పెన్ను ఆమె చేతిలో పెట్టారు. "పంపడం. సెండ్, సెంట్, సెంట్. ఎవరో నిన్ను పంపారు. నువ్వు రాయి."

ఆమె బీరువా తలుపు మీద మూడు మాటలు రాసింది. ఐ వాజ్ సెంట్. మాస్టారు అందులో ఏమీ దిద్దలేదు.

బుధవారం అప్పలస్వామి భార్య అచ్చియమ్మ ఆమె క్వార్టరుకు వచ్చింది. చావు రోజు తరవాత ఇద్దరూ ఎదురుపడటం అదే మొదలు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"కాలనీ అంతా అంటన్నారు. నువ్వు జెండా పారేసి ఎల్లిపోనావట. నిజవేటే?"

"పంపితే వెళ్ళాను అత్తా. సార్ పంపాడు. నేనుంటానన్నాడు."

"మరి రేపక్కడ ఆ మాట సెప్తావా?"

"ముందు లోపలికి రా అత్తా" అని మళ్ళీ పిలిచింది ఉషారాణి. అచ్చియమ్మ ఆమె మొహంలోకి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఎంక్వైరీ చేసే అధికారి బయటి నుంచి వచ్చిన హిందీ మనిషి. మూలన ఫ్యాను, పొడుగాటి బల్ల, దాని పక్క కుర్చీలో రాఘవయ్య. అమ్మన్న అంతకుముందే లోపలికి వెళ్ళి, నాకేమీ వినబడలేదని చెప్పి వచ్చాడు. వరండాలో ఆమెకు ఎదురొచ్చినప్పుడు తల ఎత్తలేదు.

అధికారి కాగితం ఆమె ముందుకు జరిపాడు. "ఇది మీ వాంగ్మూలమేనా?" అని హిందీలో అడిగాడు.

రాఘవయ్య ఆమెనే చూస్తున్నాడు, పిల్లను పరీక్షకు తెచ్చిన తండ్రిలాగా.

"సంతకం నాదే సార్. ఈ మాట నాది కాదు" అంది ఉషారాణి. ఆమె వేలు వాలంటరిలీ మీద ఉంది. "లెఫ్ట్ కూడా నాది కాదు. ఐ వాజ్ సెంట్."

అధికారి కాగితం తన వైపు తిప్పుకున్నాడు.

"ఎవరు పంపారు?"

"రాఘవయ్య సార్."

"పాపం, షాక్‌లో ఉంది సార్" అన్నాడు రాఘవయ్య, ఏమాత్రం తొణక్కుండా. "ఆ రోజు నుంచీ ఇలాగే. చదివి వినిపించాకే సంతకం చేసింది."

"ఈ మాటకు అర్థం మీకు తెలుసా?" అధికారి ఆమెను అడిగాడు.

"తెలుసు సార్. అప్నీ మర్జీ సే, నా ఇష్టం కొద్దీ అని. సంతకం పెట్టిన రోజు తెలియదు. మొన్న సోమవారం తెలిసింది."

"ఎవరు చెప్పారు?"

"పాఠంలో చెప్పారు. పాఠానికి పంపింది కూడా సారే."

అధికారి మొదటిసారి రాఘవయ్య వైపు తిరిగి కొంచెంసేపు చూశాడు. తరవాత ఏదో రాసుకున్నాడు. ఇచ్చిన వాంగ్మూలం మార్చడం కూడా తప్పే, తెలుసా అన్నాడు. తెలుసన్నది. వెళ్ళమన్నాడు.

నెలన్నర ఏమీ జరగలేదు. రాఘవయ్య ఆమెతో మాట్లాడటం మానేశాడు. సాయంత్రం డ్యూటీలు వేసి పాఠాలు ఆపించాడు. పరీక్షకు వెళ్ళిన పేర్లలో ఆమె పేరు లేదు. గ్యాంగులో ఎవరూ ఆమె పక్కన కూర్చుని డబ్బా విప్పడం లేదు. ఎవరినైనా పలకరిస్తే ముందు చుట్టూ చూసి తరవాత జవాబిచ్చేవారు.

ఆపైన రిపోర్టు ముసాయిదా వచ్చింది. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పాలని సంబంధించినవాళ్ళందరికీ తలా ఒక ప్రతి పంపారు. ఉషారాణి ప్రతి ఇంకా చేరకముందే అచ్చియమ్మ తనది తీసుకుని ఆమె గుమ్మంలోకి వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కింద కూర్చుంది.

"సదువు."

ఉషారాణి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. తన పేరు కోసం వెతికింది. వాలంటరిలీ లేదు. కాపలా మనిషిని అక్కడి నుంచి పంపించడం జరిగింది అని ఉంది. ఎవరు పంపారో లేదు. గుండె తేలికపడబోతుండగా కింది వాక్యం కనబడింది. ఆమె దాన్ని పైకి చదవకుండా కళ్ళతోనే చివరిదాకా పోయింది.

"ఏటైనాది? సదవ్వే."

"మావ గురించి అత్తా." తెలియని మాట ఒకటి ఫోన్‌లో వెతుక్కుని మరీ చెప్పింది. "మృతుడు అజాగ్రత్తగా, కేర్‌లెస్లీ, పక్క లైను మీదకి అడుగు వేశాడు. ఈలలు స్పష్టంగా వేసినా పట్టించుకోలేదు."

"ఎవులేసినారు ఈలలు?"

ఎవరూ వేయలేదు. తాను వేయలేదు, రాఘవయ్య దగ్గర ఈలే లేదు. ఉషారాణికి అప్పుడు తెలిసింది, ఆ బల్ల ముందు తాను ఒక మాట తీయించింది గాని, అది వెళ్ళి ఇంకొకరి మీద కూర్చుంది. తిరిగి లేచి నాది కాదు అనలేని మనిషి మీద.

అచ్చియమ్మ ఏడవలేదు. "ఆ మాట మల్లీ సదువు" అంది. ఉషారాణి చదివింది. "మల్లీ." మూడోసారి చదివించుకుని, కొంగు దోపుకుని లేచింది. "పద. అమ్మన్న ఇంటికి."

అమ్మన్న మధ్యాహ్నం భోజనానికి ఇంట్లోనే ఉన్నాడు. వాళ్ళను చూడగానే కంచం ముందు నుంచి లేచాడు.

"నాకేటీ తెలీదు. నానప్పుడే సెప్పీసినాను."

"నీకు తెలిసింది సెప్పమని రాలేదు నాను" అంది అచ్చియమ్మ. "నీ పక్కన ఇరవయ్యేళ్ళు పని సేసిన మనిషిని ఏటని రాసినారో ఇనిపిద్దామని వచ్చినాం. ఉషా, సదువు."

ఉషారాణి మొదట ఇంగ్లీషులో చదివింది, తరవాత తెలుగులో చెప్పింది. అజాగ్రత్తగా. స్పష్టంగా. అమ్మన్న చేతికి అంటుకున్న అన్నం ఆరిపోతోంది. అతని భార్య వంటింటి గుమ్మంలో నిలబడి మొగుడి మొహమే చూస్తోంది.

"ఈల లేదు" అన్నాడు అమ్మన్న. "ఉష దగ్గరున్న ఈల ఉషతోనే ఎల్లిపోయింది. జెండా నాకిచ్చింది. సార్ నన్ను కిందకి రమ్మన్నాడు, పని సూడాలి రా అన్నాడు. వచ్చీసినాను. నానూ వచ్చీసినాను." అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

ఆ అభ్యంతరాన్ని ఉషారాణి తన చేత్తో రాసింది. రాయడానికి మూడు రోజులు పట్టింది. చంద్రమౌళి మాస్టారు క్రియలు దిద్దారు. అడ్వర్బు ఒక్కటి కూడా వాడనివ్వలేదు. "పని మాత్రం రాయి. ఎవరు చేశారో ముందు పెట్టు" అన్నారు. అమ్మన్న ప్రతి వాక్యం తెలుగులో చెప్పించుకుని సంతకం చేశాడు. వాళ్ళిద్దరితో పాటు అచ్చియమ్మ కూడా ఆఫీసుకు వచ్చింది. కాగితం మీద ముద్ర పడేదాకా కౌంటరు ముందు నుంచి కదల్లేదు.

తుది రిపోర్టు వర్షాకాలంలో వచ్చింది. అప్పలస్వామి మీద రాసిన వాక్యం తీసేశారు. అచ్చియమ్మ ఆ పేజీ రెండుసార్లు చదివించుకుని, లేదని నమ్మకం కలిగాక మడిచి దాచుకుంది. అమ్మన్న మేస్త్రి పని పోయింది, మామూలు గ్యాంగు మనిషి అయ్యాడు. ఉషారాణికి తీవ్ర మందలింపు, రెండేళ్ళ దాకా పరీక్ష రాయకూడదని ఆర్డరు. రాఘవయ్య విషయం పరిశీలనలో ఉంది అని ఒక్క వాక్యం. ఈలోగా ఆయన్ను వేరే సెక్షన్‌కు మార్చారు. అక్కడా గ్యాంగులున్నాయి. వెళ్ళే రోజున ఆయన అందరికీ మిఠాయి పంచాడు. ఉషారాణి దగ్గర కూడా ఆగి డబ్బా చాపాడు. "బాగా చదువుకున్నావమ్మా" అన్నాడు, అదే గొంతుతో. ఆమె తీసుకోలేదు.

కొత్త ఇంజనీరు సోమవారం పొద్దున హాజరు తీసుకున్నాడు. హిందీవాడు, కుర్రతనం పోని మొహం. పేర్లన్నీ గబగబా చదువుతూ ఒక పేరు దగ్గర ఆగాడు.

"ఉషారాణి ఎవరు?"

ఆమె చెయ్యెత్తింది. అతను ఆమెను పైనుంచి కిందకి చూశాడు. తల వంచి రిజిస్టరులో ఏదో కొట్టేసి, ఇంకేదో రాశాడు. ఆ రోజు నుంచి ఆమెకు గ్యాంగుతో పని లేదు. లాల్‌ఖదాన్ మలుపు దాటాక జనసంచారం లేని చివరి ముక్క ఉంది, పట్టాల బిగింపులు చూసుకుంటూ దాని మీద రానూ పోనూ ఒంటరిగా నడవాలి.

వాన పట్టేలా ఉంది. ఉషారాణి సుత్తి భుజాన వేసుకుని, కంకర మీద మడమ ముందు వేస్తూ అటు నడిచింది.